ఇంగ్లండు పెరట్లో ఉగాదికి డాఫడిల్స్ పూయించడం ఎలా?

ఏటా ఫిబ్రవరి నెలాఖరు వచ్చేసరికి నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "రోడ్ల పక్కన, పార్కుల్లో, పక్కింటివారి పెరట్లో ఎక్కడ చూసినా డాఫడిల్స్ విరగబూశాయి. ఇప్పుడు గడ్డలు తెచ్చి నాటితే మాకూ పూస్తాయా?" అని. పూయవు. పువ్వును చూసి నాటాలని ముచ్చటపడే కాలం, నాటవలసిన కాలం కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పువ్వు కావాలంటే అంతకు ముందు సెప్టెంబరులోనే పని మొదలుపెట్టాలి. గడ్డ భూమిలో వేరు తొడిగి, మూడు నాలుగు నెలలు చలి తింటేనే కాడ సరిగ్గా పైకి లేస్తుంది.

ఇక్కడ మనకు వేపపూత లేదు, మామిడి చిగురు లేదు, కోయిల కూత లేదు. మధ్యాహ్నం నాలుగింటికే చీకటిపడే నెలలన్నీ గడిచాక, ఇంకా మంచు పడుతుండగానే తడినేలను చీల్చుకుని వచ్చే ఈ పసుపుపచ్చని పువ్వే చలికాలం వెనుకడుగు వేసిందని మనకు చెప్పే గుర్తు. అందుకే ఉగాదినాడు దేవుడి గదిలో మన పెరటి పువ్వే ఉండాలని చాలామందికి కోరిక. అయితే ఉగాది ఏటా ఒకే తేదీకి రాదు. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న ఉగాది. ఒకే రకం నాటితే ఒక ఏడు పండుగకు ముందే వాడిపోతుంది, మరో ఏడు పండుగ అయ్యాక పూస్తుంది. కాబట్టి ఒక్క రకంతో సరిపెట్టకుండా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒకదాని వెంట ఒకటి పూసేలా నాటే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

కావలసినవి

• త్వరగా, మధ్యలో, ఆలస్యంగా పూసే మూడు రకాల గడ్డలు, ఒక్కో రకానికి పది చొప్పున.
• ట్రొవెల్ (చేతితో తవ్వే చిన్న పార), నేల గట్టిదైతే పెద్ద పార.
• చేతి తొడుగులు. ఈ మొక్క జిగురు కొందరి చర్మానికి పడక దురద, ఎర్రటి దద్దురు వస్తాయి.
• పేరు రాసి గుచ్చే చిన్న కర్రలు లేదా ఐస్‌క్రీమ్ పుల్లలు, చెరగని పెన్ను. ఎక్కడ ఏ రకం నాటారో నవంబరు దాటితే ఎవరికీ గుర్తుండదు.
• కుండీలో నాటేవారికి కనీసం 30 సెం.మీ. లోతు, అడుగున రంధ్రాలు ఉన్న కుండీ, మామూలు కంపోస్టు, కొంత గ్రిట్ (నీరు ఇంకిపోవడానికి కలిపే సన్నని రాతి రవ్వ).
• టమాటా మొక్కలకు వేసే ద్రవ ఎరువు. ఇది వసంతంలో అవసరమవుతుంది.

ఎముకల పొడి వేయమని చాలామంది సలహా ఇస్తారు. ఇష్టం లేనివారు మానేయవచ్చు. నేను ఎన్నడూ వేయలేదు, పూతకు ఏ లోటూ రాలేదు.

1. రకాలను ఎంచుకోండి

అన్నిటికంటే ముందు పూసేది రైన్‌వెల్డ్స్ ఎర్లీ సెన్సేషన్. చలి మరీ ముదరని ఏడు జనవరిలోనే కనిపిస్తుంది. ఆ తరువాత ఫిబ్రవరి చివర, మార్చి మొదట టెటాటెట్ పూస్తుంది. ఇది జానెడు ఎత్తుకు మించదు, గాలికి పడిపోదు, కుండీకి దీనిని మించినది లేదు. మార్చి నడుమ నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా డచ్ మాస్టర్, ఐస్ ఫాలీస్ వంటి పెద్ద పువ్వులు ఉంటాయి. ఏప్రిల్‌లో ఒక్కో కాడకు రెండు మూడు తెల్లని పువ్వులిచ్చే థాలియా, సువాసన గల చీర్‌ఫుల్‌నెస్, చివరగా ఆక్టేయా వస్తాయి.

పేర్లను నమ్మి మోసపోవద్దు. ఫిబ్రవరి గోల్డ్ అనే రకం ఇంగ్లండులో చాలా చోట్ల మార్చిలోనే పూస్తుంది. కింగ్ ఆల్ఫ్రెడ్ పేరిట సంచుల్లో అమ్మేవి చాలావరకు ఆ పాత రకం కావు, దానిలా కనిపించే వేరే పెద్ద పసుపు రకాలు. పూత బాగానే ఉంటుంది, కాని తేదీ లెక్క వేసుకునేవారు సంచి మీద రాసిన పూత నెలను చూసి కొనాలి.

మార్చి మూడో వారంలో వచ్చే ఉగాదికి టెటాటెట్, డచ్ మాస్టర్ సరిపోతాయి. ఏప్రిల్‌లో వచ్చే ఉగాదికి ఐస్ ఫాలీస్, థాలియా ఉండాలి. స్కాట్లండులో, ఉత్తర ఇంగ్లండులో ఉండేవారికి పూత రెండు మూడు వారాలు ఆలస్యమవుతుంది కాబట్టి, వారు ఒక మెట్టు త్వరగా పూసే రకాన్ని తీసుకోవడం మేలు.

2. గడ్డలను చూసి కొనండి

ఆగస్టు చివర నుంచి దుకాణాల్లోకి గడ్డలు వస్తాయి. ఉల్లిపాయ ఎంచినట్లే ఎంచాలి. చేతికి బరువుగా, గట్టిగా ఉండాలి. అడుగున వేళ్లు పుట్టే బిళ్ల దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. అక్కడ మెత్తగా లోపలికి దిగితే కుళ్లు పట్టినట్లే. అటువంటిది ఒక్కటి ఉన్నా పక్కన పెట్టండి, మంచివాటితో కలిపి నాటకండి. పైపొర ఊడిపోవడం దోషం కాదు. పెద్ద గడ్డకు పక్కనే పిల్ల అంటుకుని రెండు కొనలు ఉంటే విడదీయకుండా అలాగే నాటండి, రెండు కాడలు వస్తాయి.

చవకగా దొరుకుతున్నాయని చిన్న చిన్న గడ్డలు సంచులకొద్దీ కొనేవారున్నారు. అవి మొదటి ఏడు ఆకులు మాత్రమే వేసి ఊరుకోవచ్చు. మరో మాట: పార్కులో, అడవిలో, రోడ్డు పక్కన పెరిగే మొక్కలను తవ్వి తెచ్చుకోకండి. నేల యజమాని అనుమతి లేకుండా అడవిమొక్కను వేళ్లతో పెకలించడం 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంతాల చట్టం ప్రకారం నేరం.

3. వంటింటికి దూరంగా ఉంచండి

ఈ మెట్టును ఎవరూ దాటవేయకూడదు. డాఫడిల్ మొక్క అంతా విషమే, గడ్డలో మరీ ఎక్కువ. అందులోని లైకోరిన్ వంటి పదార్థాల వల్ల కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు కలుగుతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. 2009లో సఫోక్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలు చేసిన సూపులో ఉల్లిపాయ అనుకుని డాఫడిల్ గడ్డ వేయడంతో, తాగిన పిల్లల్లో కొందరు జబ్బుపడ్డారు. ఈ పువ్వులను, గడ్డలను కూరగాయల దగ్గర పెట్టవద్దని 2015లో ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సూపర్‌మార్కెట్లను కోరింది.

మా ఇంట్లోనూ ఆ ప్రమాదం అంచుదాకా వచ్చింది. నేను గడ్డలను వలసంచిలో ఉంచి, గాలి తగులుతుందని వంటింటి తలుపు వెనుక తగిలించాను. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ అందులోంచి ఒకటి తీసి సగానికి కోసి, "ఏమే, ఈ ఉల్లిపాయలకు ఘాటే లేదేమిటి?" అన్నది. ఆ ప్రశ్న అడగబట్టి బతికిపోయాము. గుర్తుపట్టే ఉపాయం కూడా అదే. డాఫడిల్ గడ్డను కోసినా, ఆకును నలిపినా ఉల్లి వాసన రాదు. లేత ఆకులు ఉల్లికాడల్లా, వెల్లుల్లికాడల్లా కనిపిస్తాయి కాబట్టి కూరగాయల మడిలో, కొత్తిమీర, పుదీనా కుండీల పక్కన వీటిని నాటకండి.

నాటేదాకా గడ్డలను కాగితపు సంచిలో వేసి, పైన పెద్ద అక్షరాలతో "విషం" అని తెలుగులో రాసి, షెడ్డులోనో గ్యారేజీలోనో పొడిగా ఉంచండి. ఊరి నుంచి వచ్చిన పెద్దలకు సంచి మీది ఇంగ్లీషు పేరు ఉపయోగపడదు. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఎవరైనా పొరపాటున తింటే గడ్డ ముక్కను చేతిలో ఉంచుకుని ఆరోగ్య సలహా ఇచ్చే 111కు ఫోన్ చేయండి. మనిషి తూలిపోతున్నా, ఊపిరి ఆడకపోయినా అత్యవసర నంబరు 999కు చేయండి. కుక్కలకు, పిల్లులకు కూడా ఇది విషమే.

4. చోటు చూడండి

రోజుకు సగం పూటైనా ఎండ తగలాలి. ఆకురాల్చే చెట్టు కిందైతే ఇబ్బంది లేదు. చెట్టు చిగురు వేసేలోపు డాఫడిల్ పూత అయిపోతుంది. నీరు నిలవకూడదు. పరీక్షించాలంటే మూరెడు కంటే కొంచెం తక్కువగా ఒక గుంట తవ్వి, నిండా నీళ్లు పోసి, రెండు మూడు గంటల తరువాత చూడండి. నీరు ఇంకా నిలిచి ఉంటే అక్కడ గడ్డ కుళ్లిపోతుంది. లండన్ చుట్టుపక్కల బంకమన్ను చాలా చోట్ల ఇటువంటిదే. మట్టిలో కంపోస్టు, గ్రిట్ కలిపి మడిని ఎత్తు చేయండి, లేదా కుండీకి మారండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. డాఫడిల్ పువ్వులు ఎక్కువగా వెలుతురు వచ్చే దిక్కుకు, అంటే దక్షిణానికి మొగ్గుతాయి. మీ పెరడు ఇంటికి ఉత్తరాన ఉంటే పువ్వులు మీ కిటికీవైపు చూస్తాయి. పెరడు ఇంటికి దక్షిణాన ఉంటే వంటింట్లో నిలబడిన మీకు వాటి వీపులే కనిపిస్తాయి. అటువంటివారు గడ్డలను కంచె దగ్గర కాక, దారి పక్కన నడుస్తూ తిరిగి చూసే చోట నాటుకోవాలి. నేను మొదటి ఏడు అరవై గడ్డలు నాటి, పూత వచ్చాక వాటి ముఖం చూడాలంటే కంచె దాకా నడిచి వెనక్కి తిరగవలసి వచ్చింది.

5. నేలలో నాటండి

సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు చివర దాకా మంచి కాలం. నవంబరులో నాటినా పూస్తాయి, కాని వేరు తక్కువగా పడి కాడలు పొట్టిగా వస్తాయి.

లోతు విషయంలోనే అందరూ తప్పుతారు. గడ్డ ఎత్తుకు మూడింతల లోతు గుంట తవ్వాలి. గడ్డ 5 సెం.మీ. ఉంటే గుంట 15 సెం.మీ., అంటే మన లెక్కలో రెండు బెత్తెలు. కొలత గుంట అడుగు నుంచి నేల మట్టం దాకా. తవ్విపోసిన మట్టికుప్ప పైనుంచి కొలిస్తే లోతు చాలదు. పైపైన నాటిన గడ్డ మొదటి ఏడు పూసి, ఆపై చిన్న చిన్న పిల్లగడ్డలుగా చీలిపోయి పూత మానేస్తుంది.

మొనతేలిన కొన పైకి, వేళ్ల బిళ్ల కిందికి ఉండాలి. ఏది పైనో తెలియకపోతే పక్కకు పడుకోబెట్టండి, మొక్క తన దారి తాను చూసుకుంటుంది. గడ్డకు గడ్డకు మధ్య బెత్తెడు నుంచి రెండు బెత్తెల ఎడం చాలు. సైనికుల్లా వరుసలో నిలబెట్టకుండా ఏడెనిమిది కలిపి గుంపుగా నాటితేనే అందం. మట్టి కప్పి, అరచేతితో మెల్లగా అదిమి, పొడినేలైతే ఒకసారి నీరు పెట్టి, పేరు రాసిన పుల్ల గుచ్చండి.

పచ్చికలో నాటదలచినవారు ముందే ఒక విషయం ఆలోచించుకోవాలి. జూన్ దాకా ఆ భాగంలో గడ్డి కోసే వీలుండదు. అద్దె ఇల్లయితే యజమానితో మాట పడవలసి వస్తుంది.

6. కుండీలో అంతస్తులుగా నాటండి

అద్దె ఇళ్లలో ఉండేవారికి, బాల్కనీ మాత్రమే ఉన్నవారికి నా సలహా ఇదే. ఇల్లు మారితే కుండీ వెంట వస్తుంది. ఒకే కుండీలో రెండు రకాలు నాటితే పూత ఆరేడు వారాలు సాగుతుంది.

అడుగున నాలుగు వేళ్ల మందాన కంపోస్టు వేయండి. దానిలో నాలుగో వంతు గ్రిట్ కలిపి ఉండాలి. కుండీ అంచు నుంచి 20 సెం.మీ. లోతున ఆలస్యంగా పూసే థాలియా గడ్డలు ఏడెనిమిది, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. వాటి కొనలు మునిగేలా కంపోస్టు పోసి, పైన 10–12 సెం.మీ. లోతున టెటాటెట్ పది గడ్డలను, కింది వాటి సందుల మీదికి వచ్చేలా ఉంచండి. కింది కాడలు పై గడ్డలను తప్పుకుని పైకి వస్తాయి, కంగారు అవసరం లేదు. కుండీ అంచుకు రెండు వేళ్ల కింద దాకా నింపి నీరు పోయండి.

కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తుగా ఉంచితే నీరు పోతుంది. పళ్లెం పెట్టి అందులో నీరు నిలిచేలా చేయడమే కుండీ గడ్డలు కుళ్లడానికి మొదటి కారణం. కుండీని ఇంట్లోకి తీసుకురాకండి. చలికి జాలిపడి హీటరు ఉన్న గదిలో పెట్టిన ఒక మిత్రురాలికి పొడుగాటి ఆకులు తప్ప మొగ్గ రాలేదు. వారాల తరబడి గడ్డకట్టే చలి ఉంటే గోడ పక్కకు జరిపి, కుండీ చుట్టూ బబుల్ రాప్ చుట్టండి, అంతే.

7. చలికాలంలో ఏమీ చేయకండి

నేల కింద ఏం జరుగుతోందో చూడాలని తవ్వి చూడకండి. క్రిస్మస్ తరువాత నేలలోంచి వేలెడు ఆకుపచ్చని మొనలు కనిపిస్తే పని సవ్యంగా ఉన్నట్లే. మంచు కురిసిన ఉదయం కాడలు నేలకు వాలిపోయి చచ్చినట్లు కనిపిస్తాయి. వేడినీళ్లు పోయడం, కర్రలు కట్టడం వంటివి చేయకండి. ఎండ వచ్చి మంచు కరిగాక చాలావరకు అవే లేచి నిలబడతాయి. ఉడుతలు తవ్వుతాయనే భయం కూడా అంతగా అక్కర్లేదు. తులిప్ గడ్డలను తినే ఉడుత దీని జోలికి సాధారణంగా రాదు.

8. పండుగకు పువ్వులు కోయండి

మొగ్గ నిటారుగా ఉన్నప్పుడు కోస్తే సరిగ్గా విప్పారకపోవచ్చు. మొగ్గకు పసుపు రంగు కనిపించి, బాతు మెడలా పక్కకు వంగినప్పుడు కోయాలి. ఉగాదికి రెండు రోజుల ముందు కోసి నీళ్లలో ఉంచితే పండుగ ఉదయానికి విచ్చుకుంటాయి. మొగ్గలు ముందే వచ్చేస్తే కోసి, చల్లని గ్యారేజీలో నీళ్ల బకెట్టులో పెడితే కొన్ని రోజులు ఆగుతాయి. ఆలస్యమైతే వెచ్చని గదిలో పెట్టండి.

కోసిన కాడ నుంచి కారే జిగురు ఇతర పువ్వులను త్వరగా వాడ్చేస్తుంది. గులాబీలతో, చామంతులతో కలిపి పెట్టాలంటే ముందు డాఫడిల్స్‌ను వేరే నీళ్లలో ఒక రాత్రంతా ఉంచి, తరువాత కాడలను మళ్లీ కోయకుండా కలపండి. ఆ నీళ్లు కూడా విషమే కాబట్టి పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా పారబోయండి. ఉగాది పచ్చడి కలిపే చోట ఈ పువ్వులను ఉంచకండి. వేపపువ్వు లేదని దీని రేకులు వేద్దామా అని ఒకరు నన్ను నిజంగానే అడిగారు. వద్దు.

9. పూత అయ్యాక ఆకులను తాకకండి

వాడిన పువ్వు తలను గింజ కట్టకముందే తుంచేయండి. కాడను, ఆకులను ఉంచండి. వచ్చే ఏటి మొగ్గకు కావలసిన ఆహారం ఈ ఆకులే గడ్డకు పంపుతాయి. కనీసం ఆరు వారాలు కోయకూడదు. చూడడానికి బాగాలేవని ఆకులను జడలా అల్లి రబ్బరు బ్యాండు వేయడం ఇక్కడ చాలామందికి అలవాటు. అది కోసేసినంత పనే. ఎండ తగలని ఆకు ఆహారం తయారు చేయలేదు. ఆకులు పసుపుబారేదాకా పది పదిహేను రోజులకొకసారి టమాటా ఎరువును నీళ్లలో కలిపి పోయండి. నత్రజని ఎక్కువ ఉన్న ఎరువు వద్దు, ఆకు పెరిగి పూత తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వాన లేకపోతే కుండీలకు నీరు తప్పనిసరి.

ఆకును చేత్తో మెల్లగా లాగితే తేలికగా ఊడి వచ్చే రోజున, సాధారణంగా జూన్‌లో, తీసేయవచ్చు. లాగినా ఊడి రాకుండా పట్టుకుని ఉంటే ఇంకా ఆగాలి.

మరుసటి ఏడు పూయకపోతే

పుల్ల మీద ఆ ఏటి పువ్వుల లెక్క రాసి పెట్టుకోండి. పది గడ్డలకు పది పువ్వులు వచ్చి, మరుసటి ఏడు మూడే వస్తే ఏదో తప్పింది. ఆకులు దట్టంగా ఉండి పువ్వు లేకపోతే గడ్డలు కిక్కిరిసి ఉంటాయి, లేదా పైపైన నాటి ఉంటారు. ఆకులు ఎండిపోయే సమయంలో గుంపును తవ్వి, గడ్డలను విడదీసి, మళ్లీ రెండు బెత్తెల లోతున నాటండి. నాలుగైదేళ్లకొకసారి ఇది ఎటూ చేయాలి. గడ్డికోతలో ఆకులు తెగిపోయి ఉంటే ఆ చోటు మార్చనవసరం లేదు, ఒక ఏడు ఆకులను పూర్తిగా ఎదగనిస్తే తేరుకుంటాయి. ఆకులే సన్నగా గడ్డిపోచల్లా వస్తే గడ్డను తవ్వి కోసి చూడండి. లోపల బోలుగా మట్టిరంగు పొడి, లావుపాటి పురుగు ఉంటే అది నార్సిసస్ (డాఫడిల్ శాస్త్రీయ నామం) ఈగ పని. ఆ గడ్డను కంపోస్టు కుప్పలో వేయకుండా చెత్తబుట్టలో పారేయండి.

హైదరాబాదులో, విజయవాడలో పూస్తాయా?

ఇక్కడి నుంచి గడ్డలు పంపమని అడిగేవారు చాలామంది. పంపకండి. విదేశాల నుంచి మొక్కలు, గడ్డలు భారతదేశంలోకి తేవాలంటే అనుమతి పత్రాలు కావాలి. పైగా మన మైదానాల శీతాకాలం ఈ మొక్కకు చాలదు. నర్సరీలలో, ఆన్‌లైన్‌లో దొరికే పేపర్‌వైట్ అనే తెల్లని నార్సిసస్ రకానికి మాత్రం చలి అవసరం లేదు. డిసెంబరులో గాజుపాత్రలో గులకరాళ్లు వేసి, గడ్డను సగం దిగేలా ఉంచి, నీరు అడుగు బిళ్లను అంటీ అంటనట్లు ఉండేలా పోసి, ఇంట్లో చల్లని కిటికీ దగ్గర పెడితే సుమారు నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది. నీరు బిళ్ల పైకి వస్తే రెండు రోజుల్లోనే కుళ్లు వాసన మొదలవుతుంది, కాబట్టి రోజూ ఒకసారి మట్టం చూసుకోవాలి.